మత్తు ఇచ్చే ముందు ఒక నిమిషం

జనవరి 9, శుక్రవారం

ఇవాళ్టి నుంచి డైరీ. జర్మన్ క్లాసులో టీచరమ్మ రోజూ నాలుగు ముక్కలు జర్మన్‌లో రాసుకోమంది. నేను తెలుగులో రాస్తున్నాను. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో ఎవరూ చదవరు. మా అమ్మాయి సహానాకి తెలుగు అక్షరాలు రావు. మా ఆయన వరదానానికి వచ్చు గానీ, తను బైబిలూ సూపర్‌మార్కెట్ ఆఫర్ల కాగితమూ తప్ప ఏదీ చదవడు. మొగుణ్ణి పేరు పెట్టి, ఏకవచనంలో రాయడం కూడా ఇక్కడే కుదురుతుంది. ఎదురుగా ‘ఏవండీ’ తప్ప నోట్లోంచి ఇంకోటి రాదు. పదహారేళ్ళయింది, ఇంక రాదు.

విషయం ఏంటంటే, ఈ హాంబర్గులో మా ఆస్పత్రి రికవరీ గది ఇన్‌ఛార్జి ఫ్రావ్ యాన్సెన్, అంటే యాన్సెన్ మేడమ్, ఇవాళ కాఫీ టైములో నన్ను పక్కకి పిలిచి, మత్తు నర్సు కోర్సుకి పేరు ఇస్తావా అంది. ఆపరేషను టేబులు దగ్గర మత్తు డాక్టరు పక్కన నిలబడే నర్సు. రెండేళ్ళ కోర్సు, జీతం ఆగదు. జర్మన్‌లో దాని పేరు పలకడం మొదలుపెడితే ట్రైను ఇంకో స్టేషను దాటేస్తుంది. మా ఆస్పత్రికి ఒక్క సీటు. మళ్ళీ వచ్చేది రెండేళ్ళకి. రికవరీ నుంచి నన్నే పంపుతుందట. నేను పనికిరానంటే ఆ సీటు బయట ఆస్పత్రి వాళ్ళకి పోతుంది.

సరే అన్నాను. ఎవరేం అడిగినా నేను సరే అనే అంటాను. అన్నాక గుర్తొచ్చింది, మార్కుల కాగితాలు అడుగుతారు.

జనవరి 11, ఆదివారం

మధ్యాహ్నం తెలుగు ఫెలోషిప్పు. జర్మన్ వాళ్ళ చర్చి వెనక హాలు మాకు ఆదివారం మూడింటి నుంచి ఇస్తారు. హీటరు మాత్రం మూడున్నరకి ఇస్తారు. మొదటి రెండు పాటలూ కోట్లతోనే పాడాం.

కోర్సు సంగతి అబిగెయిల్‌కి ఒక్కదానికే చెప్పాను. గుంటూరు పిల్ల, మా ఆస్పత్రిలోనే ఎముకల వార్డు. నాకంటే పదేళ్ళు చిన్న, బీఎస్సీ నర్సింగులో డిస్టింక్షను. ఆ డిస్టింక్షను గురించి తను చెప్పదు, వాళ్ళాయన చెప్తాడు. ‘నీకేంటక్కా, కళ్ళు మూసుకుని వచ్చేస్తుంది’ అంది. నా మార్కులు దానికి తెలియవు.

నా మార్కులు ఇవి. పదిలో సెకండ్ క్లాసు. ఇంటర్లో ఫిజిక్సు ఒకసారి పోయింది. నర్సింగు మొదటి ఏడాది ఫిజియాలజీ మూడుసార్లు పోయింది. మా ఊళ్ళో ఇదేం రహస్యం కాదు. సప్లిమెంటరీ వచ్చినప్పుడల్లా పాస్టరు గారు ప్రార్థన మనవుల్లో నా పేరు చదివేవారు. కామెర్లొచ్చినాయన తర్వాత, రొయ్యల చెరువు మునిగినాయన ముందు. ఏరి కోరి జ్ఞానకుమారి అని పేరు పెట్టుకున్న మా నాన్న సరిగ్గా అప్పుడే బయటికెళ్ళి చెప్పులు సర్దుకునేవాడు.

నాలుగోసారి ఎలా పాసయ్యానంటే, వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు మూత్రపిండం గురించి అడిగి, జవాబు కూడా ఆయనే చెప్పుకుంటూ పోయారు. నేను ‘ఎస్ సార్, ఎస్ సార్’ అన్నాను. ‘గుడ్, విషయం ఉంది అమ్మాయిలో’ అని మార్కులేసి టిఫినుకి వెళ్ళిపోయారు. ఆ రోజు చాలా నేర్చుకున్నాను, మూత్రపిండం గురించి తప్ప.

జనవరి 14, బుధవారం

ఎందుకు కావాలో ఒకసారి రాసుకుంటే మంచిది.

రికవరీలో నా దగ్గరికి అందరూ నిద్రలోనే వస్తారు. కాసేపటికి కళ్ళు తెరిచి ‘అయిపోయిందా?’ అంటారు. అయిపోయిందంటాను. మళ్ళీ నిద్రపోతారు. మళ్ళీ లేచి ‘అయిపోయిందా?’ అంటారు. అయిపోయిందని చెప్పడమే నా ఉద్యోగం. అవకముందు ఎలా ఉంటుందో చూడాలని ఉంది. మాస్కు దగ్గరికి వస్తుంటే మనిషి ఎటు చూస్తాడో, ఎవరి చెయ్యి పట్టుకుంటాడో. ఆ చెయ్యి నాదైతే బాగుండునని ఉంది.

ఇంకోటి కూడా ఉంది. ఆ పనంతా ఫిజియాలజీయే. నన్ను మూడుసార్లు గెంటేసిన ఇంట్లోకి వీధి గుమ్మంలోంచి నడిచి వెళ్ళాలని ఉంది.

రాకపోయినా పర్వాలేదు.

జనవరి 20, మంగళవారం

మార్కుల్ని జర్మన్ లెక్కలోకి మార్చారు. 3.8 అట. ఇక్కడ ఒకటి అంటే ఫస్టు, నాలుగు దాటితే ఫెయిలు. అంటే నేను గోడ మీద నిలబడి ఇటువైపు పడ్డాను.

ఈ చివరి ముక్క వరదానానికి చెప్పేలోపే తను వాళ్ళమ్మకి ఫోను కలిపేశాడు. ‘నాలుక్కి త్రీ పాయింట్ ఎయిట్ అమ్మా! మన జ్ఞానానికి!’ స్పీకర్లో అత్తగారు ఏడ్చారు. నా గురించి సంతోషపడి ఆవిడ ఏడవడం ఇదే మొదలు. మధ్యలో దూరి లెక్క తిరగెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

జనవరి 26, సోమవారం

నిన్న పాలకొల్లులో అత్తగారు నా మార్కుల కోసం కృతజ్ఞత కూడిక పెట్టించారు. కేకు కోశారట, నా ఫోటో ముందు. ఇవాళ ఫోను చేసి, ‘అంతా బానే ఉంది గానీ, ఆ మిగతా రెండు పాయింట్లూ ఎక్కడ పోయాయమ్మా?’ అన్నారు.

ఫిజియాలజీలో అన్నాను. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 4, బుధవారం

చదువుతున్నాను. బయట గాలి. కిటికీ దానంతటదే మాట్లాడుతోంది.

ఊపిరితిత్తుల పాఠం సహానాకి చెప్పి చూశాను. అది ఐదో క్లాసు. నేను తెలుగులో చెప్తాను, అది జర్మన్‌లో అర్థం కాలేదంటుంది. పుస్తకంలో మాటలు చెప్తే అసలు ఒప్పుకోదు. ‘అంటే ఏంటి మమా? మామూలుగా చెప్పు’ అంటుంది. మామూలుగా చెప్పాలంటే మనకి తెలిసుండాలి. మూడోసారి చెప్తుండగా నాకు అర్థమైంది, గాలి లోపలికెళ్ళి రక్తంలో ఎలా కలుస్తుందో. ఇంత చిన్న విషయమా ఇది! సహానాకి మొదటిసారే అర్థమైందట. నన్ను ఆపడం ఎందుకని ఊరుకుందట.

ఫిబ్రవరి 12, గురువారం

ఇవాళ ఆపరేషను థియేటర్లో రోజంతా నిలబెట్టి చూశారు. మత్తు డాక్టరు లోరెన్జ్ పక్కన నేను, మూలన కోర్సు హెడ్డు ఫ్రావ్ పీటర్సన్. బాగా జరిగింది. అందరూ మంచివాళ్ళు. డాక్టరు గారు స్వయంగా కాఫీ తెచ్చిచ్చారు, లేచి నిలబడి తాగాను. కూర్చోమన్నారు, సరే అని నిలబడే తాగాను.

పన్ను విషయం ఒకటుంది. అది పెద్ద విషయం కాదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పన్ను విషయం పెద్ద విషయం కాదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఫెలోషిప్పుకి వెళ్ళలేదు. తలనొప్పని చెప్పాను. చెప్పాక నిజంగానే వచ్చింది.

రాసేస్తాను. గురువారం మొదటి కేసు హెర్ క్లాసెన్. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన ముసలాయన, పిత్తాశయం ఆపరేషను. మంచం తోసుకొస్తుంటే కారిడార్లో నా చెయ్యి పట్టుకుని పై పెదవి ఎత్తి చూపించాడు. ముందు పన్ను ఊగుతోంది. ‘సిస్టర్, ఇది జాగ్రత్త. లోపల వాళ్ళకి చెప్పండి’ అన్నాడు. చెప్తానన్నాను. మత్తు ఇచ్చాక గొంతులోకి గొట్టం వేస్తారు. అప్పుడు ఊగే పన్ను ఊడిపడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇది నాకు తెలుసు. ఆ పేజీ రెండుసార్లు చదివాను కూడా.

లోపలికెళ్ళాం. డాక్టరు గారు ఫైలు చూస్తున్నారు. అంత పెద్ద డాక్టరు, ఆయనకి తెలియదా, రాసే ఉంటారు కదా అనుకున్నాను. పైగా మాట్లాడుతున్నారు. డాక్టరు మాట్లాడుతుంటే మధ్యలో నర్సు పన్ను గురించి ఎలా ఎత్తుతుంది? ఆయన ఆగాక చెబుదామని నిలబడ్డాను.

ఇక్కడ మత్తు ఇచ్చే ముందు ఒక నిమిషం అందరూ చేతులాపి నిలబడతారు. టైమ్ అవుట్ అంటారు. పేషెంటు పేరేంటి, ఏ ఆపరేషను, ఏ మందు పడదు, అన్నీ డాక్టరు పైకి చదువుతాడు. పుస్తకంలో చదివాను గానీ కళ్ళతో చూడ్డం ఇదే మొదలు.

గది నిశ్శబ్దమైంది.

నేను మన దగ్గర మిషను ఆస్పత్రిలో ఎనిమిదేళ్ళు చేశాను. అక్కడ థియేటరు నిశ్శబ్దమైందంటే ఒకటే అర్థం. సర్జను భాస్కర్ రావు గారు కత్తి పట్టుకునే ముందు ప్రార్థన చేసేవారు. అందరం కళ్ళు మూసుకుని తల వంచేవాళ్ళం. ఆయనది సన్నగొంతు, ఏమంటున్నారో ఎప్పుడూ వినపడేది కాదు. గొంతు ఆగగానే ఆమెన్ అనేవాళ్ళం.

డాక్టర్ లోరెన్జ్‌ది కూడా సన్నగొంతే. నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను, తల వంచాను. ఆఖర్న ఆయన ‘ఎవరైనా ఏమైనా చెప్పాలా?’ అని అడిగారట. అది తర్వాత తెలిసింది. నాకు గొంతు ఆగడం ఒక్కటే వినిపించింది. అందరికీ వినపడేలా ఆమెన్ అన్నాను.

పన్ను ఊడింది. నాలుక మీదే దొరికింది, లోపలికి పోలేదు. చిన్న డబ్బాలో వేసి పైన హెర్ క్లాసెన్ అని స్టిక్కరు అంటించారు. ఆయన బాగానే ఉన్నాడు. రికవరీలో కళ్ళు తెరిచి ‘అయిపోయిందా?’ అన్నాడు, అయిపోయిందన్నాను. తర్వాత నాలుకతో తడుముకుని, ‘ఈ నల్లజుట్టు సిస్టరుకి చెప్పానే’ అన్నాడు.

మంచానికి అవతలి పక్క ఫ్రావ్ పీటర్సన్ నిలబడి ఉంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

క్యాంటీన్లో అబిగెయిల్ నా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, ‘అక్కా, నువ్వు థియేటర్లో నిలబడి నిద్రపోయావంటగా? మా వార్డులో చెప్పుకుంటన్నారు’ అంది.

‘నిద్ర కాదు. ప్రార్థన.’

‘అయ్యో, మరదే చెప్పక్కా అందరికీ.’

‘ప్రార్థన అని చెప్తే మాట తగ్గుతుందంటావా, పెరుగుతుందంటావా?’

అది బంగాళాదుంప ఫోర్కుకి గుచ్చి కాసేపు ఆలోచించింది. ‘నిద్రే ఉంచక్కా’ అంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

రేపు ఇంటర్వ్యూ. వరదానం వంటింటి బల్ల దగ్గర మూడు కుర్చీలు వేసి, ఒక్కో కుర్చీలోకి మారుతూ ప్రశ్నలు అడిగాడు. ఫిజియాలజీ మూడుసార్లు ఎందుకు పోయింది అన్నదే మూడు కుర్చీల ప్రశ్నా. జవాబులు రెండు తయారుచేశాం. ఒకటి, టైఫాయిడు. అది నాకు రాలేదు. రెండు, గోదావరి వరద. అది వచ్చింది, కానీ పరీక్షలయ్యాక. మూడు కుర్చీలూ టైఫాయిడుకే ఒప్పుకున్నాయి.

పన్ను గురించి ఏ కుర్చీ అడగలేదు. పన్ను సంగతి తనకి నేను చెప్పలేదు.

రాకపోయినా పర్వాలేదు. ఈ మాట ఇంతకుముందే రాశాననుకుంటా.

ఫిబ్రవరి 25, బుధవారం

ఇంటర్వ్యూ అయింది. ఫ్రావ్ పీటర్సన్, డాక్టర్ లోరెన్జ్, ఉద్యోగుల సంఘం తరఫున ఒకాయన. ఆ మూడో ఆయన బిస్కెట్లు తిన్నాడు.

ఫ్రావ్ పీటర్సన్ మార్కుల కాగితం తీసింది. 3.8 అని పైకి చదివింది. నేను టైఫాయిడుకి ఊపిరి పీల్చుకున్నాను. ‘ఇరవై ఏళ్ళనాటి మాట ఇది’ అని కాగితం పక్కన పెట్టేసింది. నా టైఫాయిడు నాలోనే ఉండిపోయింది.

డాక్టరు గారు ఫిజియాలజీ అడిగారు. మత్తుమందు ఎక్కగానే ఊపిరి ఎందుకు ఆగుతుంది, బీపీ ఎందుకు పడిపోతుంది, ముందుగా ఆక్సిజన్ ఎందుకు పెడతాం. సహానాకి చెప్పినట్టే మామూలు మాటల్లో చెప్పాను. ఇంకా లోపలికెళ్ళి అడిగారు. అదీ చెప్పాను. ఒక్కటీ తప్పలేదు. బిస్కెట్ల ఆయన నమలడం ఆపి విన్నాడు. ఇరవై ఏళ్ళుగా నేను భయపడుతున్న గది ఇది, తీరా వస్తే ఇందులో ఏమీ లేదు అనుకున్నాను.

అప్పుడు ఫ్రావ్ పీటర్సన్ పన్ను గురించి ఎత్తింది.

‘పన్ను ఊగుతోందని మీకు తెలుసా?’

‘తెలుసు.’

‘చెప్పడానికి సమయం ఉందా?’

‘ఉంది.’

‘మరి ఎందుకు చెప్పలేదు?’

‘డాక్టరు గారు మాట్లాడుతున్నారు.’

నేను చెప్పిన జవాబుల్లో అదొక్కటే వాళ్ళకి అర్థం కాలేదు. డాక్టర్ లోరెన్జ్ బల్ల మీదికి వంగి, ‘నాకు తెలియదు. ఫైల్లో లేదు. ఆ గదిలో మీ ఒక్కరికే తెలుసు’ అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని.

‘ఆ ఒక్క నిమిషం ఉన్నదే ఎవరైనా సరే ఆపడానికి. మీరు అందరికంటే గట్టిగా ఒప్పుకున్నారు’ అంది ఫ్రావ్ పీటర్సన్. ఆమెన్ అంటే ఏంటో ఇక్కడ వాళ్ళకీ తెలుసు మరి.

చివరికి తేల్చింది ఇదీ. మార్కులతో ఇబ్బంది లేదు. చదువుతో ఇబ్బంది లేదు. నోరు తెరవని మనిషికి మాత్రం ఆ సీటు ఇవ్వరు. మార్చి పంతొమ్మిదిన ఇంకో రోజు థియేటర్లో నిలబెట్టి చూస్తారు. అప్పుడూ ఇలాగే ఉంటే సీటు బయటికి.

డాంకె అన్నాను, థాంక్స్ అని. మూడుసార్లు అన్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు, అందరి మీదా పెడుతున్నాను.

టీచరు వస్తే నిలబడు అన్నారు, నిలబడ్డాను. డాక్టరు మాటకి ఎదురు చెప్పకు అన్నారు, చెప్పలేదు. అలా ఉన్నందుకే పాస్ చేశారు, అలా ఉన్నందుకే ఉద్యోగం ఇచ్చారు, అమ్మాయి నెమ్మదస్తురాలని పెళ్ళి కూడా చేశారు. ఇప్పుడు నలభై ఒకటో ఏట అదే తప్పంటున్నారు. మార్కులు తక్కువని పంపించేసి ఉంటే బాగుండేది, అది నాకు అలవాటే.

ఇంకో సంగతి. ఆ పన్ను లోపలికి పోయి ఉంటే? ఆ ముసలాయన నా చెయ్యి పట్టుకుని నాకు చెప్పాడు. నన్ను నమ్మి చెప్పాడు. నాకు సిగ్గుగా ఉంది.

పర్వాలేదని పైన రెండుచోట్ల రాశాను. అబద్ధం. నాకు ఆ సీటు కావాలి. ఏడుపొచ్చేంత కావాలి.

సాయంత్రం వరదానానికి అంతా చెప్పాను. ‘చెప్పాల్సింది జ్ఞానం’ అన్నాడు, మెల్లగా. లేచి టీ పెట్టి తెచ్చాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు. ఏమీ అనకుండా తాగేశాను. ఖాళీ కప్పు కింద పెట్టాక తెలిసింది, నా రోగం ఇదే.

మార్చి 3, మంగళవారం

ప్రాక్టీసు మొదలుపెట్టాను. సహానా నేర్పుతోంది. హాల్లో ఆ చివర తను, ఈ చివర నేను. ‘స్టాప్’ అనాలి. ‘లౌటర్, మమా’ అంటుంది. గట్టిగా అనమని. నా గొంతు గట్టిగా లేస్తే వెనకాల ‘సారీ’ కూడా తోడొస్తోంది. దానికి సారీ అస్సలు నచ్చడం లేదు.

మార్చి 5, గురువారం

వీధి చివర రొట్టెల షాపు ఆవిడ మూడేళ్ళుగా నాకు గింజల రొట్టె ఇస్తోంది. నేను అడిగేది అది కాదు. మొదటిరోజు చెప్పలేదు, తర్వాత చెప్తే బావుండదని ఊరుకున్నాను. ఇవాళ ‘ఇది కాదు’ అన్నాను. ‘ఓ’ అని మార్చి ఇచ్చింది. అంతే. మూడేళ్ళు.

ఇంటికొస్తే సహానా గింజల రొట్టె ఏదని గొడవ.

మార్చి 8, ఆదివారం

ఫెలోషిప్పులో ఈస్టరు భోజనాల ప్రకటన. ‘పులావు యథాప్రకారం మన జ్ఞానకుమారి సిస్టరు’ అని మైకులో చెప్పేశారు. నన్నెవరూ అడగలేదు. ప్రతి ఏడూ ఎవరూ అడగరు.

‘వండను’ అన్నాను, కూర్చున్న చోటి నుంచే.

హాలు నిశ్శబ్దమైంది. ఈసారి కళ్ళు తెరుచుకునే ఉన్నాను.

‘ఒంట్లో బాగోలేదా అక్కా?’ అంది అబిగెయిల్.

‘బానే ఉంది. వండను.’

బాగోలేదంటే అందరికీ హాయిగా ఉండేది. చివరికి వరదానం లేచి తను వండుతానన్నాడు. తనకి పులావు రాదు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

మార్చి 18, బుధవారం

రేపే.

మార్చి 19, గురువారం

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను.

మొదటి రెండు కేసుల్లో ఆపడానికి ఏమైనా దొరుకుతుందేమో అని గుచ్చి గుచ్చి చూశాను. పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. కాగితాలన్నీ ఉన్నాయి. ఏ మందు పడదో అన్నీ రాసి ఉన్నాయి. జర్మన్ వాళ్ళ పద్ధతి మీద నాకు ఇంత చిరాకు ఎప్పుడూ రాలేదు. మూలన ఫ్రావ్ పీటర్సన్ చేతులు కట్టుకుని నిలబడే ఉంది.

మూడో కేసు ఫ్రావ్ డీర్క్స్, మోకాలి మార్పిడి. కారిడార్లో మంచం మీద దారి పొడుగునా ఎడమ మోకాలి గురించే చెప్పింది. మెట్లెక్కలేనని, వానొస్తే సలుపని, హాంబర్గులో వాన ఎప్పుడు రాదు చెప్పమని. సరిగ్గా ఈ ఎడమదే సిస్టర్, అని తట్టి చూపించింది.

లోపల దుప్పటి తీస్తే బాణం గుర్తు కుడి మోకాలి మీద ఉంది.

అందరూ చేతులాపారు. డాక్టర్ లోరెన్జ్ చదవడం మొదలుపెట్టారు. పేరు, పుట్టినరోజు, కుడి మోకాలు. ఆయన మాట్లాడుతున్నారు. ఆయన ఆగాక చెబుదాం అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు నాకు బాగా తెలుసు, అది నాదే.

‘స్టాప్!’ అన్నాను.

చేపల మార్కెట్టులో అరిచినట్టు వచ్చింది. సిరంజి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. సర్జను నా వైపు తిరిగి ఏమిటన్నాడు. ‘పేషెంటు ఎడమ మోకాలు అన్నారు. గుర్తు కుడి మీద ఉంది’ అన్నాను. సారీ అనలేదు.

ఎవరూ విసుక్కోలేదు. సర్జను ఎక్స్‌రేలు తెర మీద పెట్టించాడు, సంతకాల కాగితం తెప్పించాడు, కాలు మీద పేరు పట్టీ చూశాడు. అన్నీ కుడి. అప్పుడు ఎవరికో బుద్ధి పుట్టి పేషెంటునే అడిగారు. ఆవిడ ఇంకా మెలకువగానే ఉంది, ఆసక్తిగా వింటోంది కూడా. ‘కుడిదే చేస్తున్నారు. ఎడమది చలికాలంలో అన్నారు. అందుకే దాని గురించి చెప్తున్నా. కుడిదాని గురించి చెప్పడం దేనికి, అది ఎలాగూ చేస్తున్నారుగా?’ అంది.

మాస్కు వెనక ఎవరో నవ్వారు. సర్జను ‘గుట్. వైటర్’ అన్నాడు. సరే, కానివ్వండి అని. తలెత్తి మూలకి చూడలేకపోయాను. నేల మీదికే చూస్తూ సారీ అన్నాను.

‘సారీలొద్దు. మాస్కు పట్టుకోండి’ అన్నారు డాక్టర్ లోరెన్జ్.

పట్టుకున్నాను. ఫ్రావ్ డీర్క్స్ కింది నుంచి తలకిందులుగా నన్నే చూసింది. ఎటు చూస్తారో అనుకునేదాన్ని కదా, మనల్నే చూస్తారు. ‘మీ మోకాళ్ళు బాగున్నాయా సిస్టర్?’ అంది. బాగున్నాయన్నాను. నా వేళ్ళు రెండు గట్టిగా పట్టుకుని నిద్రపోయింది.

ఆ ఒక్క నిమిషం చాలా బాగుంది. మిగతా రోజంతా పోయింది.

వరదానం గుమ్మంలోనే అడిగాడు.

‘ఆపావా?’

‘తప్పుగా ఆపానండీ. అంతా సరిగ్గానే ఉంది.’

‘ఆపావు కదా?’

‘తప్పుగా అంటున్నా కదా!’

కసిరాను. పదహారేళ్ళలో మొదటిసారి. తను మాత్రం ఏదో బహుమతి అందుకున్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

మార్చి 23, సోమవారం

ఫోను రాలేదు. క్యాంటీన్లో అబిగెయిల్ ఎదురుపడి, కొత్త మాటేమీ చెప్పలేదు. అంటే చాలానే చెప్పుకుంటున్నారన్నమాట.

మార్చి 24, మంగళవారం

ఇరవై ఏళ్ళ కిందట కాగితం మీద తప్పులు రాశాను. ఇప్పుడు పేషెంటు పక్కన నిలబడి నోటితో చెప్పాను. ఎదుగుదలే.

మార్చి 26, గురువారం

డ్యూటీ దిగి స్టేషన్లో నిలబడ్డాను. వాన అడ్డంగా కొడుతోంది. ఫోను మోగింది. ఫ్రావ్ పీటర్సన్.

‘అక్టోబరు ఒకటిన మొదలు. సీటు మీది’ అంది.

ఎవరైనా అయితే డాంకె అని పెట్టేస్తారు. నేనూ మొన్నటిదాకా అదే చేసేదాన్ని. ‘ఒక్క నిమిషం’ అన్నాను. ‘ఆ రోజు నేను చెప్పింది తప్పు కదా?’

‘తప్పే’ అంది. ‘పూర్తిగా తప్పు.’

‘మరి?’

‘మీకు అనుమానం వచ్చింది, నోరు తెరిచారు. తప్పో ఒప్పో చూసుకోవడానికి గదిలో అంతమందిమి ఉన్నాం. చూసుకున్నాం. మాకు కావలసింది అదే’ అంది. తర్వాత ‘ఇంకేమైనా ఉందా?’ అంది.

లేదన్నాను. ఫోను పెట్టేసింది. ట్రైను వచ్చింది, ఎక్కలేదు. ఆ వానలో బెంచీ మీద కూర్చుని బాగా ఏడ్చాను. తర్వాతి ట్రైను కూడా పోయింది.

తలుపు తీసి వరదానం నా మొహం చూసి, సీటు పోయిందనుకున్నాడు. ‘పోనీలే జ్ఞానం’ అని చెయ్యి పట్టుకున్నాడు. వచ్చిందని చెప్పాను. నమ్మలేదు. ఏం జవాబు చెప్తే ఇచ్చారని అడిగాడు.

తప్పు జవాబు చెప్పాను, పాస్ చేశారు అన్నాను.